డాక్టర్ సలహా: మందు వేసినా మా కుక్కకు పురుగులు మళ్లీ వస్తున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. గొర్రెల మంద ఉంది. కాపలాకు 4 ఏళ్ల నాటు కుక్క ఉంది, ఈమధ్యే 3 నెలల కూనను కూడా తెచ్చుకున్నాం. పెద్దదాని తోక కింద, మలంలో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తున్నాయి. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే పురుగుల మాత్ర వేశాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. మా 5 ఏళ్ల పాపకు రోజంతా కుక్కలతోనే ఆట. తనకు అంటుకుంటాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీరు చూసిన గింజలు బద్దె పురుగు తునకలు. ఇవి ఎక్కువగా కుక్క బొచ్చులో దూకుతూ తిరిగే చిన్న గోధుమరంగు పురుగుల వల్ల వస్తాయి. వాటిని ఫ్లీస్ అంటాం. దురద పుట్టి ఒళ్లు కొరుక్కునేటప్పుడు కుక్క వాటిని మింగుతుంది. వాటిలో దాగిన బద్దె పురుగు పిల్ల కుక్క పేగుల్లో పెరిగి, సుమారు 3 వారాల్లో మళ్లీ గింజలు రాలుస్తుంది. ఫ్లీస్‌ను వదిలేసి మాత్ర ఒక్కటే వేస్తే పురుగులు మళ్లీ రాక తప్పదు. పైగా మీరు వేసిన అంగన్‌వాడీ మాత్ర, అంటే ఆల్బెండజోల్, ఈ పురుగు మీద నమ్మకంగా పనిచేయదు. పదేపదే వేస్తే కుక్కలో రక్తకణాలు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఇక వెయ్యకండి.

ఈ గింజల పురుగు పాపకు రావాలంటే ఫ్లీ నోట్లోకి పోవాలి. అలా జరగడం అరుదు, జరిగినా మందుతో నయమవుతుంది. నాకు ఎక్కువ బెంగగా ఉన్నది మీరు అడగని విషయం గురించి. మీది గొర్రెలున్న ఇల్లు కదా, గొర్రెను కోసినప్పుడు ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు కుక్కలకు పచ్చిగా వేస్తున్నారా?

మన వైపు ఊరి దేవరకైనా, బక్రీద్‌కైనా, ఆదివారం మటన్ అంగడి దగ్గరైనా జరిగేది ఇదే. ఊపిరితిత్తుల్లోనో కార్జంలోనో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు కనిపిస్తే, మనం తినడానికి పనికిరాదని ఆ ముక్క కోసి కుక్క ముందు పడేస్తారు. అవి హైడాటిడ్ తిత్తులు. వాటి లోపల కంటికి ఆనని పురుగు తలలు లెక్కలేనన్ని ఉంటాయి. కుక్క తింటే అవి దాని పేగుల్లో కొన్ని మిల్లీమీటర్ల బద్దె పురుగులుగా పెరుగుతాయి. మలంలో మీకేమీ కనిపించదు, కుక్క హుషారుగానే తిరుగుతుంటుంది. సుమారు 6 వారాలు దాటాక ఆ పురుగుల గుడ్లు మలంతో బయటపడి మేత బీళ్లకు, నీళ్ల తొట్టికి, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. గొర్రె మేస్తే దాని ఒంట్లో మళ్లీ తిత్తులు పుడతాయి. పాప కుక్కను నిమిరి, చెయ్యి కడుక్కోకుండా అన్నం తింటే తన ఒంట్లోనూ పుట్టవచ్చు. మనిషి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఆ తిత్తి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. నొప్పో దగ్గో మొదలై స్కానింగ్‌లో బయటపడేసరికి కొందరికి ఆపరేషన్ తప్పదు. అంగన్‌వాడీ మాత్ర దీన్ని ఆపలేదు.

దీన్ని ఆపడం మన చేతిలోనే ఉంది. కోసిన గొర్రె ఊపిరితిత్తులు, కార్జం, తలకాయ కుక్కకు పచ్చిగా వెయ్యకండి. వెయ్యాలనుకుంటే కనీసం 30 నిమిషాలు బాగా మరగనివ్వండి. లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చండి. మందలో చచ్చిన గొర్రెను బీట్లో పడేసే అలవాటు కూడా మానాలి. తలకాయ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, గొర్రె తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోయే జబ్బు మీ నాన్నగారి తరం వాళ్లకు బాగా తెలిసే ఉంటుంది. దానికి కారణం కుక్క నుంచి వచ్చే మరో బద్దె పురుగు, గొర్రె మెదడులో చేసే తిత్తి. కుక్కకు నట్టల మందు వేయిస్తే మందకూ మేలే.

ఇక మందు. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన కుక్కల మాత్రలు దొరుకుతాయి. సాధారణంగా 10 కిలోల బరువుకు ఒక మాత్ర, కానీ అట్ట మీద రాసింది చూసి, పశువైద్యుణ్ని అడిగి వెయ్యండి. బరువు అంచనాతో చెప్పొద్దు. కాయలు తూచే కాటా మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, మీ బరువు తీసేస్తే సరిపోతుంది. మామూలు ఇంటి కుక్కకు 3 నెలలకోసారి చాలు. మంద వెంట తిరుగుతూ పచ్చి మాంసం తినే అవకాశమున్న మీ కుక్కకు మాత్రం బద్దె పురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ 6 వారాలకోసారి పడాలి. మందు వేశాక రెండు మూడు రోజులు దాన్ని కట్టేసి, మలాన్ని లోతుగా పూడ్చండి లేదా కాల్చేయండి. మందుకు పురుగు చస్తుంది గానీ గుడ్లు చావవు.

కూన సంగతి వేరు. ఏలిక పాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు వస్తాయి, పాలలోనూ వస్తాయి. అందుకే కూనలకు 2 వారాల వయసు నుంచే రెండు వారాలకోసారి మందు మొదలుపెడతాం. మీ కూనకు ఇప్పుడు వేయించి, 6 నెలలు నిండేవరకు నెలకోసారి వెయ్యండి. పొట్ట ఉబ్బి, బొచ్చు గరుకుగా ఉండి, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, మలం నల్లగా వచ్చినా రక్తం పీల్చే కొంకి పురుగులు ఉన్నట్టు అనుమానించాలి. చిన్న కూన వాటివల్ల రోజుల్లోనే నీరసించిపోతుంది, ఆలస్యం చేయకండి.

ఏలిక పాము గుడ్డు మట్టిలో పడ్డాక ముదరడానికి రెండు వారాలైనా పడుతుంది. వాకిట్లో మలం ఏ రోజుకారోజు ఎత్తేస్తే చాలావరకు గండం తప్పుతుంది. కొంకి పురుగు పిల్లలు మాత్రం తొందరగా తయారై, ఉత్త కాళ్ల చర్మంలోంచి కూడా దూరతాయి. పాపకు చెప్పులు అలవాటు చేయండి. మూతి నాకించుకోవద్దని, తినేముందు సబ్బుతో చేతులు కడగాలని నేర్పండి. ఆట మాన్పించాల్సిన పని లేదు.

ఫ్లీస్‌కు, పిడుదులకు కుక్కల కోసమే చేసిన మందు వైద్యుడు రాసిస్తారు. కొట్టంలో గోడల పగుళ్లు, కుక్క పడుకునే గోనె సంచులు కూడా శుభ్రం చేయాలి, పిడుదులు గుడ్లు పెట్టేది ఆ పగుళ్లలోనే. చేనుకు కొట్టే మందుగానీ కిరసనాయిలుగానీ కుక్కకు పూయొద్దు. దయచేసి గొర్రెల నట్టల మందు కూడా తాగించకండి. వాటిలో క్లోసాంటెల్ లాంటివి కుక్క చూపును దెబ్బతీయగలవు. పిడుదులున్న కుక్క జ్వరంతో తిండి మానేసినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అదే రోజు పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పాపకు ఏ ఇబ్బందీ లేకపోతే ఇప్పుడు స్కానింగ్‌ల కోసం తిరగక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా కుడివైపు పక్కటెముకల కింద బరువుగా, నొప్పిగా ఉన్నా, దగ్గు వారాల తరబడి తగ్గకపోయినా, డాక్టరు దగ్గర మాకు గొర్రెలు, కుక్కలు ఉన్నాయని తప్పకుండా చెప్పండి. కూనకు 3 నెలలు నిండాయి కాబట్టి, నట్టల మందుకు వెళ్లినప్పుడే రేబిస్ టీకా తేదీ కూడా అడిగి రాయించుకోండి. పెద్దదానికి ఈ ఏడాది టీకా వేయించారో లేదో కూడా చూసుకోండి.