గ్రానైట్ షెడ్డులో దుమ్ము: నీళ్లు పోస్తే సరిపోతుందా?

ప్రశ్న: కరీంనగర్ దగ్గర మాకు గ్రానైట్ కటింగ్, పాలిష్ షెడ్డు ఉంది. గాలిలో సిలికా (రాతిపొడిలో ఉండే ఖనిజం) ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాముల లోపు ఉన్నట్టు రిపోర్టు పంపమని విదేశీ బయ్యర్ అడుగుతున్నాడు. నీళ్లు పోస్తూనే కోస్తున్నాం, దుమ్ము కనబడదు కూడా. ఇంకేం చేయాలి?

జవాబు: కనబడే దుమ్ముతో కాదు, కనబడని దానితోనే ప్రమాదం. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే పొడి 10 మైక్రాన్ల కన్నా సన్నం. 1948 ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) రెండో షెడ్యూలులో దాని పరిమితికి ఒక లెక్క ఉండేది: 10ని, క్వార్ట్జ్ (సిలికాలో ఒక రూపం) శాతానికి 2 కలిపి దానితో భాగించాలి. దుమ్ములో క్వార్ట్జ్ 30 శాతమైతే ఘనపు మీటరుకు 0.31 మిల్లీగ్రాముల దుమ్ము, అంటే సుమారు 0.09 సిలికా. బయ్యర్ అడిగేది అమెరికా 2016లో తెచ్చిన పరిమితి, 8 గంటల సగటు. మన లెక్కకు అది దాదాపు సగం. కాబట్టి ఇక్కడ పాసైతే అక్కడా పాసైనట్టు కాదు.

ముందు కొలిపించండి. కార్మికుడికి గాలి పీల్చే చిన్న పంపు నడుముకు, ముతక పొడిని వేరుచేసి సన్నపొడిని ఫిల్టరుకు పంపే సైక్లోన్ కాలరుకు, ముక్కుకు 30 సెంటీమీటర్లలోపు కట్టాలి. నైలాన్ సైక్లోన్‌కు నిమిషానికి 1.7 లీటర్లు, షిఫ్టు మొదట్లో, చివర్లో ఫ్లో సరిచూడాలి. రెండు గంటలే నడిపితే, 0.05 దగ్గర ఫిల్టరు మీద పడేది 10 మైక్రోగ్రాములు. ల్యాబుకు అది చాలా తక్కువ, షిఫ్టంతా నడపండి. సైక్లోన్‌ను తలకిందులు చేస్తే అడుగు డబ్బాలోని ముతక పొడి ఫిల్టరు మీద పడి శాంపిల్ చెడిపోతుంది. కార్మికుడు భోజనానికి పోతూ చొక్కాతోపాటు దాన్ని విప్పి విసిరేసినా అంతే.

పంపు పెద్ద కట్టర్ ఆపరేటరుకు కాదు, అంచులు రుద్దే మనిషికి కట్టండి. చాలా షెడ్లలో బ్లేడుకు నీళ్లుంటాయి, చేతి గ్రైండర్ మాత్రం పొడిగా తిరుగుతుంది. దానికి మధ్యలోంచి నీళ్లొచ్చే, కంప్రెసర్ గాలితో తిరిగే గ్రైండర్ మంచిది. నీళ్లు కుదరకపోతే డిస్కు చుట్టూ హుడ్ బిగించి పీల్చాలి: డిస్కు అంగుళానికి 25 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగుల గాలి), 4 అంగుళాలకు 100. ఇంట్లో వాడే వాక్యూమ్ పనికిరాదు, సన్నపొడిని వెనక నుంచి మళ్లీ షెడ్డులోకే వదులుతుంది.

మరో తప్పు నేలమీదే ఉంటుంది. రాత్రి వదిలేసిన బురద తెల్లారేసరికి ఎండుతుంది, చీపురు తగలగానే లేస్తుంది. తడిగా ఉన్నప్పుడే కడిగేయండి. బట్టలు దులుపుకోవడానికి కంప్రెసర్ గాలి వాడనివ్వకండి. ఎన్95 మాస్కు చివరి రక్షణ మాత్రమే; గడ్డం ఉన్నవారికి అంచుల్లో లీకవుతుంది.

ప్రశ్న: వరంగల్‌లో జిన్నింగ్ మిల్లు పని. సెలవు తర్వాత మొదటి రోజే ఛాతీ పట్టేస్తుంది, తర్వాత తగ్గుతుంది. దుమ్మేనా?

జవాబు: పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తొలి లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. తగ్గింది కదా అని వదిలేయకండి. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేయించండి, అదీ సెలవు తర్వాతి మొదటి రోజే, షిఫ్టుకు ముందొకసారి, తర్వాతొకసారి. మొదటి సెకనులో ఊదే గాలి ఎంత తగ్గిందో డాక్టరుకు అప్పుడే తెలుస్తుంది. వారం మధ్యలో చేయిస్తే ఆ తేడా చిక్కకపోవచ్చు.