కంటోన్మెంట్‌ని జీహెచ్ఎంసీలో కలిపేస్తారట, ఇప్పుడే అక్కడ ఇల్లు కొనొచ్చా?

ఆర్మీ ఉండే, కంటోన్మెంట్ బోర్డు పాలనలో నడిచే సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని సివిల్ ఏరియాలు బల్దియాలో, అంటే జీహెచ్ఎంసీలో కలవబోతున్నాయి, రేట్లు పెరిగేలోపే కొనేయమని బ్రోకర్ తొందరపెడుతున్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు. కొనండి, నేనేం వద్దనను. కానీ జీఎల్ఆర్, అంటే కంటోన్మెంట్‌లో ఏ నేల ఎవరిదో రాసుండే జనరల్ ల్యాండ్ రిజిస్టర్, కాపీ చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. విలీనం గురించి మాట్లాడేవాళ్ళలో నూటికి తొంభై మంది రోడ్లు, నల్లాలు, ఇంటి పన్ను అంటారే తప్ప కింద నేల ఎవరిదన్న సంగతి ఎత్తరు. అసలు పేచీ అంతా అక్కడే.

మాది తిరుమలగిరి వైపు పాత బజార్లో తాత కట్టిన ఇల్లు. పైన ఇంకో అంతస్తు వేద్దామని లోన్‌కి పెట్టుకుంటే, బ్యాంకు వాళ్ళు కాగితాలు చూడ్డానికి మమ్మల్ని తమ ప్యానెల్ లాయర్ దగ్గరికి పంపారు. మా నాన్న ఒక రెక్సిన్ సంచీలో ఇంటి పన్ను రసీదులన్నీ, తాతల నాటివి కూడా, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం రబ్బర్ బ్యాండ్లు వేసి తెచ్చారు. లాయరమ్మ వాటిని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. జనరల్ ల్యాండ్ రిజిస్టర్ నకలు ఒక్కటే బయటికి తీసి, పెన్ను మూతతో ఒక్కో గడీ జరుపుకుంటూ పోయింది. సర్వే నంబరు, విస్తీర్ణం, క్లాసు బీ-3. ల్యాండ్‌లార్డ్ అన్న గడిలో భారత ప్రభుత్వం. దాని పక్కన, ఆక్యుపెన్సీ హక్కు ఎవరిదన్న చోట మా తాత పేరు. హక్కు ఎలాంటిదన్న చోట ఓల్డ్ గ్రాంట్, అంటే నేల ప్రభుత్వానిదిగానే ఉంచి ఇల్లు కట్టుకోవడానికి పాతకాలంలో ఇచ్చిన అనుమతి.

"ఇల్లు మీదే సార్, కాదనట్లేదు. నేల మీది కాదు" అంది.

మా నాన్నకి కోపం నషాళానికంటింది. "మా నాయన ఇల్లు నేల మీద కట్టకుండ గాల్లో కట్టిండా మేడమ్?"

ఆవిడ నవ్వలేదు. ఇలాంటి మాటలు రోజూ వింటుంది కాబోలు. బీ-3 అంటే మట్టి మీద యాజమాన్యం కేంద్రానిదే, కట్టుకుని ఉండే హక్కు వరకే మనది, ఇలాంటి దాన్ని తాకట్టు పెట్టుకోవాలంటే బ్యాంకు వెనకాడుతుంది అని ఓపిగ్గానే చెప్పింది. లోన్ రాలేదు. చిట్టీ పాడుకుని కారుతున్న స్లాబు బాగు చేయించుకున్నాం, అంతే.

ఇప్పుడు విలీనం సంగతి. 2023 ఏప్రిల్‌లో హిమాచల్‌లోని యోల్ కంటోన్మెంట్‌ని రద్దు చేసినప్పటి నుంచి ఈ హడావుడి మొదలైంది. సివిల్ ఏరియా స్థానిక సంస్థకి పోతుంది, ఆర్మీ ఉన్న భాగం మిలిటరీ స్టేషన్ అవుతుంది. అంటే ఆర్మీ ఎక్కడికీ పోదు. ఆర్మీ వాళ్ళ ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) సెంటర్ అక్కడే ఉంటుంది, దాని గేట్లూ అక్కడే ఉంటాయి. విలీనం అయితే రోడ్లన్నీ తెరుచుకుంటాయని పక్కనున్న సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వాళ్ళు ఆశ పడుతున్నారు కానీ, ఆర్మీ మూసేసిన రోడ్లు తెరవండని 2018లో సాక్షాత్తూ అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పాక కూడా ఆ గొడవ తెగలేదు. బోర్డు మారితే తెగుతుందా?

2024లో రక్షణ శాఖ రాష్ట్రాలకి పంపిన మార్గదర్శకాల్లో అసలు విషయం ఉంది. పౌర సేవలకు వాడే ఆస్తులు మున్సిపాలిటీకి ఉచితంగా ఇస్తారు. బోర్డు అప్పులూ ఆస్తులూ కూడా వెళ్ళిపోతాయి. కానీ వర్తించిన చోటల్లా భూమి మీద టైటిల్ మాత్రం కేంద్రం దగ్గరే ఉంటుంది. అంటే మా ఇంటి ముందు డ్రైనేజీ బల్దియాది అవుతుంది, మా నేల ఢిల్లీదే. మా నాన్నకి ఈ ముక్క చదివి వినిపిస్తే, "మరి కలిపి ఏం లాభంరా?" అన్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి రక్షణ భూములన్నీ సర్వే చేసి, 17.78 లక్షల ఎకరాలు లెక్క తేలాయని 2022 జనవరిలో ప్రకటించారు. అందులో కంటోన్మెంట్ల లోపలివి 1.61 లక్షల ఎకరాలు. అంత శ్రద్ధగా కొలుచుకున్నవాళ్ళు సెంటు భూమి కూడా ఊరికే వదలరు, రాసిపెట్టుకోండి. రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్‌కి స్థలం ఇవ్వడానికే ఎన్నేళ్ళు నానిందో మన కళ్ళ ముందే ఉంది.

అలాగని బోర్డు ఉంటేనే బాగుందని నా ఉద్దేశం కాదు. బ్రిగేడియర్ అధ్యక్షుడిగా ఉండే బోర్డుకి మేం చివరిసారి ఓటేసింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని నోటిఫికేషన్ ఇచ్చి, మార్చిలోనే రద్దు చేశారు. వార్డు మెంబరు లేని ఊళ్ళో వీధి దీపం వెలగకపోతే ఎవరి చొక్కా పట్టుకోవాలి? ఆ ఒక్క కారణానికైనా కలిపేయడమే మంచిదంటాను. ఇక విలీనం కాగానే అపార్ట్‌మెంట్లు లేస్తాయి, రేటు డబుల్ అని యూట్యూబ్‌లో ఊదరగొట్టేవాళ్ళు జీఎల్ఆర్‌ని కంటితోనైనా చూసి ఉండరు.

కంటోన్మెంట్‌లో ఇళ్ళన్నీ మా ఇల్లు లాంటివి కావు, సొంత పట్టా భూముల్లో వచ్చిన కాలనీలు కూడా చాలా ఉన్నాయి. మీరు చూసేది వాటిలో ఒకటైతే అదృష్టమే. ఏదైనా సరే, అమ్మేవాడు చూపించే జిరాక్స్ కాకుండా మీరే అప్లికేషన్ పెట్టి జీఎల్ఆర్ నకలు తీయించుకుని, ల్యాండ్‌లార్డ్ గడిలో ఏం రాసుందో చూశాకే బేరానికి కూర్చోండి. "అవన్నీ విలీనం అయ్యాక క్లియర్ అయిపోతాయి సార్" అని బ్రోకర్ అంటే, క్లియర్ అయ్యాకే మిగతా డబ్బు అని అగ్రిమెంట్‌లో రాయించమనండి. రాస్తాడేమో చూద్దాం.