పాత సీసా కొనే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవుల్లో వైట్‌ఫీల్డ్‌లోని మీ ఇంట్లో ఎనిమిది మందికి విందు ఇస్తున్నావనీ, సీసాలో కొన్నేళ్లు మాగిన మంచి రెడ్ వైన్లు ఎంచి చెప్పమనీ రాశావు. ఏ సంవత్సరానివి, అంటే ఏ ఏడు కోసిన ద్రాక్షతో చేసినవి కొనాలన్నది నీ మొదటి ప్రశ్న. దానికి జవాబు చెబుతాను గాని, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ సీసా ఇన్నేళ్లూ ఎక్కడ పడుకుని ఉంది?

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, పాత బియ్యం కొనేటప్పుడు వర్తకుడు చెప్పిన వయసును ఎన్నడూ నమ్మలేదు. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూసి, ఒకటి పంటికింద నలిపి, బస్తా ఏ గిడ్డంగిలో ఉందో, అక్కడ చెమ్మ తగిలిందో లేదో అడిగాకే బేరం మొదలుపెట్టేది. వైన్‌ను అలా కొరికి చూసే వీలు లేదు కనుక గిడ్డంగి సంగతే మనకు ఆధారం.

వైన్ సవ్యంగా మాగాలంటే 12, 13 డిగ్రీల చల్లదనంలో, వెలుతురు తగలని చోట, కుదుపు లేకుండా, కార్కు తడిగా ఉండేలా పక్కకు పడుకుని ఉండాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కదా, డిసెంబరు రాత్రుల్లో దుప్పటి కప్పుకుంటాం కదా అని మనవాళ్లు మోసపోతుంటారు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తలుపులు మూసి ఉన్న అంగడి లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించు. అలాంటి ఎండాకాలాలు నాలుగైదు గడిపిన సీసాలో వైన్ మాగదు, ఉడుకుతుంది.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట, పేరు చెప్పనవసరం లేని ఒక దుకాణంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 2000 సంవత్సరపు వైన్ సీసా కనిపిస్తే, మంచి పేరున్న సంవత్సరం కదా అని ఇంకేమీ అడగకుండా కొన్నాను. అది పై అరలో, బల్బుకు జానెడు దూరంలో, నిటారుగా నిలబెట్టి ఉంది. ఇంటికి తెచ్చి పైన ఉన్న రేకు విప్పితే కార్కు సీసా అంచుకు కొద్దిగా పైకి పొడుచుకుని వచ్చింది. దాని చుట్టూ బెల్లం పాకంలా జిగట పట్టింది. బయటికి లాగాక చూస్తే కార్కు పక్క పొడవునా, కింది నుంచి పై దాకా ఎర్రటి చార ఒకటి పాకింది. వేడికి ఉబ్బిన వైన్ ఆ దారినే బయటికి ఒలికి, ఆ దారినే గాలిని లోపలికి రానిచ్చిందన్నమాట. గ్లాసులో పోస్తే ఎండుద్రాక్షను నీళ్లలో ఉడికించిన వాసన తప్ప మరేమీ లేదు. ఆ పూట మీ అత్త వంటింట్లో దాన్నే మాంసంలో పోసి ఉడికించింది, మాంసం మాత్రం బాగానే వచ్చింది.

కనుక దుకాణంలో సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూడు. పదేళ్ల సీసాలో వైన్ మెడ దాకా ఉండాలి. భుజం కిందికి దిగి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దను. రేకు మీద ఉబ్బు గాని, జిగట గాని ఉంటే అక్కడే పెట్టేయి. వెనుక అతికించిన దిగుమతిదారు చీటీ మీద దిగుమతి నెల, సంవత్సరం ఉంటే అది ముందు చీటీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న సంవత్సరం కంటే విలువైన సమాచారం, ఎందుకంటే 2012 నాటి వైన్ నిరుడు మన దేశానికి వచ్చిందంటే దాని బాల్యమంతా చల్లని నేలమాళిగలోనే గడిచి ఉండవచ్చు. అదే వైన్ ఎనిమిదేళ్ల కిందట వచ్చి ఉంటే నేను ముట్టను. మన ఊళ్లలో వైన్ షాపంటే వైన్ తప్ప మిగతావన్నీ దొరికే చోటు. ఇక్కడ ఆ ఇబ్బంది లేకపోయినా, ఏసీ రాత్రింబవళ్లు నడిచే గది ఉన్న దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

ఇప్పుడు ఎంపిక సంగతి. మాగడం అంటే ప్రధానంగా వగరు దిగడం. పచ్చి నేరేడు కాయ తిన్నప్పుడు నాలుక పట్టేసినట్టు అవుతుంది చూడు, లేత రెడ్ వైన్లో ఉండే టానిన్ చేసే పని అదే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు ఒకదానితో ఒకటి అతుక్కుని మెత్తబడతాయి, కొన్ని మడ్డిగా అడుగున చేరతాయి. ఊదా ఛాయ పోయి ఇటుక రంగు వస్తుంది. తాజా పండు వాసన వెనక్కి తగ్గి ఎండుటాకులు, తోలు, పొగాకు వంటి వాసనలు ముందుకు వస్తాయి. అయితే ఈ మేలు అన్ని వైన్లకూ జరగదు. వగరూ పులుపూ పండుతనమూ మొదట్లోనే దండిగా ఉన్నవే ఇలా ఎదుగుతాయి, మిగతావి ఊరికే ముసలివవుతాయి.

మన పరిస్థితికి అన్నిటికంటే నమ్మకమైనది స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు గ్రాన్ రిసర్వా రకం వైన్ అని నా అభిప్రాయం. ఆ పేరు పెట్టుకోవాలంటే వైన్‌ను కనీసం 5 ఏళ్లు ఉత్పత్తిదారే దాచాలని అక్కడి నియమం. అందులో కనీసం 2 ఏళ్లు ఓక్ పీపాల్లో, కనీసం మరో 2 ఏళ్లు సీసాలో గడవాలి. అంటే మనం చేయలేని పనిని వాళ్లే తమ నేలమాళిగలో చేసి పంపుతారు. 2010, 2011 అక్కడ అత్యుత్తమంగా లెక్కించిన సంవత్సరాలు. ఇటీవలే దిగుమతి అయినది దొరికితే తీసుకో. దొరకకపోతే సంవత్సరం కోసం పట్టుపట్టకుండా కొత్తగా వచ్చిన గ్రాన్ రిసర్వా ఏదైనా తీసుకో.

ఇటలీ రెడ్ వైన్ బరోలో కూడా కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు పీపాలో ఉన్నాకే బయటికి వస్తుంది. కాని దాన్ని చేసే నెబ్బియోలో ద్రాక్ష రంగు చూసి మోసపోవద్దు. పలచగా కనిపిస్తూనే వగరుతో చెంపలు పీకుతుంది. 2016 గొప్ప సంవత్సరమే గాని అలాంటి సంవత్సరాల బరోలో చాలా ఏళ్లకు గాని దారికి రాదు, కనుక ఈ విందుకు తొందరపడి కొనవద్దు. అదే సంవత్సరపు మరో ఇటలీ రెడ్ వైన్, బ్రునెల్లో ది మొంతల్చీనో అయితే కాస్త ముందే కలుపుగోలుగా ఉంటుంది.

బోర్డో మీద నీకున్న మోజు నాకు తెలుసు. 2005, 2009, 2010, 2016 మంచివి. 2013 చలికీ వానకూ దెబ్బతిన్నది, పేరు చూసి పడిపోకు. గొప్ప సంవత్సరాల్లో పేరున్న పెద్ద తోటల వైన్లు ఇంకా మాగుతూనే ఉంటాయి గనుక, తొందరగా మెత్తబడే మెర్లో ద్రాక్ష వంతు ఎక్కువగా ఉండే, బోర్డోలోని సెంతెమిలియన్ వైపువి నీ అవసరానికి నయం. అయితే ఇది ఇక్కడ కొనవద్దు. విదేశీ వైన్ మీద మన దేశం చాలాకాలంగా 150 శాతం దిగుమతి సుంకం వేస్తూ వచ్చింది, ఆ ధర పెట్టి నిల్వ తెలియని సీసా కొనడం తెలివి కాదు. మీ బావమరిది డిసెంబరు మొదట్లో లండన్ నుంచి వస్తున్నాడన్నావు కదా, నిల్వ బాగా ఉన్న దుకాణంలో కొని తెమ్మని చెప్పు. ఒక్కొక్క ప్రయాణికుడికి 2 లీటర్ల వరకే సుంకం ఉండదు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, కావాలంటే ఒక అర సీసా. వచ్చాక వాటిని రెండు వారాలు కదపకుండా పడుకోబెట్టు.

మనవాళ్ల వైన్ ఒకటి బల్ల మీద ఉంటే బాగుంటుంది. హంపి కొండల దగ్గర చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు నాటిన క్రస్మా తోటల కాబర్నే సావిన్యాన్, నంది కొండల గ్రోవర్ వారి లా రిసర్వ్, రెండూ కొన్నేళ్ల సీసా వయసును తట్టుకుంటాయి. వాటిని మూడు నాలుగేళ్ల వయసులో తాగడం నాకు ఇష్టం, అంతకు మించి ఇక్కడ దాచి పరీక్షించే ఓపిక నాకు లేదు.

వంటల విషయంలో అమ్మాయికి నా మాటగా చెప్పు. గోంగూర మాంసం మరుసటి రోజుకు ఉంచమను. మిరప మంటను మద్యం ఇంకా రేపుతుంది, ఆ మంటలో పాత వైన్ వాసన ఒక్కటీ నిలబడదు. కారం తగ్గించి, నేతిలో నెమ్మదిగా మగ్గనిచ్చిన వేటమాంసం, జీలకర్ర, మిరియాలు మాత్రమే వేసిన పలావు చాలు. శాకాహారులకు పుట్టగొడుగుల వేపుడు పాత వైన్‌కు చక్కగా అతుకుతుంది.

విందు ఇరవై అయిదున అయితే ఇరవై నాలుగు ఉదయమే సీసాలను నిలబెట్టు, మడ్డి అడుగుకు దిగుతుంది. రెడ్ వైన్‌ను గది వేడిలో వడ్డించాలని పుస్తకాల్లో రాసేది పూర్వపు యూరప్ గదుల చలి గురించి. మన హాల్లో అది కుదరదు, వడ్డించే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. పోసేటప్పుడు సీసా మెడ వెనుక టార్చి వెలిగించుకుని, మడ్డి పొగలా మెడ దగ్గరికి రాగానే ఆపేయి. పాత వైన్‌ను గంటల తరబడి గాలికి పెట్టవద్దు. తడి అట్టపెట్టె వాసన వస్తే అది కార్కు పెట్టిన జబ్బు, ఎంతసేపు ఉంచినా పోదు, వేరే సీసా తెరువు. అందుకే మూడు చాలనుకుంటే నాలుగు కొను. ఒక్కో సీసా అయిదు గ్లాసులు వస్తుంది. కారు నడిపేవాళ్లకు పోయకు.

పాత కార్కు, కార్కు తీసే మామూలు మరతో పొడిపొడి అవుతుంది. రెండు రేకులు పక్కల నుంచి దించి తిప్పుతూ లాగే పరికరం నా దగ్గర ఉంది. ఆ సాయంత్రం ఆరింటికే వచ్చేస్తాను, నేను వచ్చేదాకా సీసాల జోలికి వెళ్లకు.

ఇట్లు,
మీ మామయ్య