హవాసా వెళ్తున్న అమ్మడికి

చి. అమ్మడికి,

నీకు ఇథియోపియాలో, హవాసాలో లెక్చరర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పొద్దున్నే అటక మీద పెట్టె దింపించి, ఇథియోపియాలో మేమున్న గోండార్ ఊరి నుంచి తెచ్చుకున్న సినీలు బయటికి తీశాను. సినీలంటే చెవి లేని చిన్న చిన్న కాఫీ కప్పులు. ఆరింటిలో నాలుగు మిగిలాయి. వాటిని తుడుస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. మన ఇంటి ఆడపిల్ల మళ్ళీ అక్కడికి వెళ్ళి పాఠం చెప్పబోతోందంటే గర్వంగా ఉంది. ఒక్క మాట అడగకుండా కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశావని కోపంగానూ ఉంది. 2009 నుంచి 2017 దాకా ఎనిమిదేళ్ళు అక్కడ కెమిస్ట్రీ చెప్పినదాన్ని నేనుండగా, నీకు గూగులే గుర్తొచ్చిందా?

సరే, ముందు చిన్నవి చెప్తాను. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకో, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. జీతం డాలర్లలోనా, బిర్రుల్లోనా అన్నది కాగితం మీద చూసుకో. 2024 జూలైలో బిర్రును మార్కెట్‌కి వదిలేశాక కొద్ది వారాల్లోనే దాని విలువ దాదాపు సగానికి పడిపోయింది. అడిస్ అబాబా రెండు వేల మీటర్లకు పైన ఉంటుంది, మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, భయపడకు. హవాసా దానికంటే కిందుంటుంది, పైగా చెరువు ఒడ్డు. దోమతెర తీసుకెళ్ళు.

టైం సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. వాళ్ళకి గంటల లెక్క తెల్లవారడంతో మొదలవుతుంది. మన ఏడు వాళ్ళకి ఒంటిగంట. రెండింటికి రమ్మన్నారంటే పొద్దున్న ఎనిమిదికని. మా నాయనమ్మ పొద్దెక్కి ఎన్ని గడియలైందో చెప్పేది, అదే పద్ధతనుకో. సంవత్సరం కూడా వేరే. ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, ఆఖర్న ఐదారు రోజుల పగుమే. 2025 సెప్టెంబరు 11న వాళ్ళకి 2018 మొదలైంది. ఏ కాగితం మీద తేదీ చూసినా ఎవరి లెక్క అని అడుగు.

తిండికి బెంగపడకు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం. అంటే మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ముట్టరు. ఈస్టరుకి ముందు యాభై అయిదు రోజులు వరసగా ఉంటారు. 'ఛోమ్' (ఉపవాసం) భోజనం కావాలని అడిగితే చాలు, ఇంజెరా అనే పుల్లట్టు మీద నాలుగైదు రకాల పప్పులు, కూరలు వడ్డిస్తారు. షిరో అయితే అచ్చం మన శనగపిండి కూరే. ఇంజెరా పులుపు మొదటివారం నచ్చదు, తర్వాత అది లేకపోతే ముద్ద దిగదు. పక్కన కూర్చున్నవాళ్ళు ముద్ద చేసి నీ నోటికి అందిస్తారు, దాన్ని గుర్షా అంటారు. సిగ్గుపడి వద్దనకు. అమ్మ పెట్టే గోరుముద్దని ఎవరైనా వద్దంటారా?

పేర్లు. వాళ్ళకి ఇంటిపేరు ఉండదు. రెండోది నాన్న పేరు. అందుకే ప్రధానమంత్రి అబీ అహ్మద్‌ని అక్కడ అందరూ డాక్టర్ అబీ అంటారు. అహ్మద్ అంటే ఆయన తండ్రి. క్లాసులో మొదటి పేరుతోనే పిలువు.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

గోండార్‌లో మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి పనిచేసేది. పేరు రాయను. బ్యూరెట్లు కడిగి ఎండలో వరసగా పెట్టేది, ఒక్కటి పగలగొట్టి ఎరగదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రోజూ సాయంత్రం బార్లీ జావ తెచ్చిచ్చి, తల మీద చెయ్యి వేసి 'ఐజోష్' అనేది. ఏం కాదు, ధైర్యంగా ఉండు అని ఆ మాటకి అర్థం. ఆడవాళ్ళతో ఐజోష్, మగవాళ్ళతో ఐజోహ్. రోడ్డు మీద కాలు జారితే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అంటారు.

2016 జూలైలో, అమ్హారా వాళ్ళ ఊరైన గోండార్‌లో గొడవలు మొదలయ్యాయి. వోల్కాయిట్ అనే ప్రాంతం అమ్హారా వాళ్ళదా, తిగ్రాయ్ వాళ్ళదా అని తగువు. ఊరేగింపులు, కాల్పులు. తిగ్రాయ్ వాళ్ళ కొట్లు మూతపడ్డాయి, కుటుంబాలకు కుటుంబాలు ఊరొదిలిపోతున్నాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నా బుద్ధిలోకి ఎక్కలేదు. ఆ గొడవ వాళ్ళది, మేం పరాయివాళ్ళం అనుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం మా ఇంటావిడ కాఫీకి పిలిచింది. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసింది. పచ్చి గింజలు కడిగి, బొగ్గుల మీద రేకుపెనంలో నల్లబడేదాకా వేయించి, ఆ పొగ అందరి ముందుకీ తెచ్చింది. చేత్తో మొహం వైపు తోసుకుని వాసన చూడాలి. తర్వాత రోట్లో దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచింది. మూడు వాయిలు పోస్తారు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బరకా. బరకా అంటే దీవెన. అది తాగకుండా లేవకూడదు.

నా పక్కనే ఈ అమ్మాయి. చుట్టూ ఏడెనిమిది మంది ఇరుగుపొరుగు. నేను అబోల్ తాగి హుషారుగా ఉన్నాను. ఆ అమ్మాయి ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడటం అంతకుముందు వరండాలో విన్నాను. గొంతులోంచి వచ్చే ఆ శబ్దాలు అమ్హారిక్‌లో ఉండవు, తిగ్రాయ్ వాళ్ళ భాష తిగ్రిన్యాలో ఉంటాయి. నాకు భాషలు తెలుసన్న గొప్ప కొద్దీ అందరిలో అన్నాను, "నువ్వు మాట్లాడేది తిగ్రిన్యా కదా! మీది మెకెలేనా, అద్వానా?" రెండూ తిగ్రాయ్ ఊళ్ళే. రైల్లో ఎదురుసీటావిణ్ణి "మీరేవిట్లండీ?" అని అడిగినట్టే అడిగాను. మన దగ్గర ఆ ప్రశ్న కూడా మంచిది కాదని ఇప్పుడు తెలుసు నాకు.

ఎవరూ మాట్లాడలేదు.  ఆ అమ్మాయి నా వైపు చూడకుండా, "నేను ఇక్కడే పుట్టానండీ, గోండార్‌లో" అంది. సినీ కింద పెట్టింది. అందులో కాఫీ సగం అలాగే ఉంది. తలనొప్పిగా ఉందని లేచి వెళ్ళిపోయింది, తోనా పోయకముందే. మీ పెద్దనాన్న ఇంటికొచ్చాక నన్ను ఒక్క మాటా అనలేదు. అదింకా బాధ.

పదిరోజుల తర్వాత ల్యాబ్‌కి రావడం మానేసింది. ఎవరినడిగినా తెలియదన్నారు. నా మాట వల్ల ఆ పిల్లకి ఏదైనా జరిగిందో, ఎలాగూ వెళ్ళిపోవాలనుకుని వెళ్ళిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అక్టోబరులో ఎమర్జెన్సీ పెట్టారు, మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఆ తర్వాత ఒక్కసారి, 2019లో, కొత్త నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. మెకెలేలో ఉన్నాను, మందులషాపులో పనిచేస్తున్నాను, మీ ఆరోగ్యం ఎలా ఉంది అని. ఆ ఏడాదే డాక్టర్ అబీకి శాంతి నోబెల్ ఇచ్చారు. ఇద్దరం ఎంత సంతోషంగా మాట్లాడుకున్నామో! 2020 నవంబరు 4న తిగ్రాయ్‌లో యుద్ధం మొదలైంది, ఫోన్లు పోయాయి. 2022 నవంబరు 2న ప్రిటోరియాలో ఒప్పందం కుదిరి, లైన్లు వచ్చాక ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఆ నంబరు పనిచేయడం లేదు.

అందుకని చెప్తున్నాను. ఎవరినీ మీది ఏ జాతి అని అడగకు. 1995 రాజ్యాంగం దేశాన్ని జాతుల వారీగా రాష్ట్రాలు చేసింది, విడిపోయే హక్కు కూడా రాసిచ్చింది. నేనున్నప్పుడు గుర్తింపుకార్డు మీద కూడా జాతి ఉండేది. చెక్‌పోస్టు దగ్గర ఆ ఒక్క మాట మీద బతుకు తేలిపోయిన రోజులున్నాయి. నువ్వు వెళ్ళే హవాసా సిదామా వాళ్ళది. 2019 నవంబరులో ఓటింగ్ పెడితే 98 శాతానికి పైగా ప్రత్యేక రాష్ట్రం కావాలన్నారు, మరుసటి ఏడు వచ్చింది. మనం తెలంగాణ చూసినవాళ్ళం, అలాంటి కోరిక ఎంత లోతుగా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళోనే వేరేవాళ్ళూ తరతరాలుగా ఉన్నారు. నీ క్లాసులో అందరూ కలిసి కూర్చుంటారు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే విను. నీ నోటితో అడగకు.

అమ్హారా వైపు ఇంకా గొడవలున్నాయి, 2023 నుంచి ఫానో అనే అమ్హారా సాయుధ దళాలకీ సైన్యానికీ. కాబట్టి లాలిబెలా రాతి గుళ్ళు, గోండార్ కోటలు చూస్తానని సెలవులు రాగానే బస్సెక్కకు. గోండార్‌లో మా వీధి చూడాలని నీకుంటుంది, నాకు తెలుసు. రోడ్డు బాగుందని అక్కడివాళ్ళు చెప్పినప్పుడే వెళ్ళు.

డ్యామ్ గురించి కూడా వాదించకు. అబ్బాయ్ నది, అంటే ఈజిప్టుకి పారే బ్లూ నైల్, మీద కట్టిన ఆ డ్యామ్‌కి 2011 ఏప్రిల్‌లో పునాది వేసినప్పుడు మేం అక్కడే ఉన్నాం. మా డిపార్ట్‌మెంట్ అటెండరు కూడా నెల జీతంతో బాండ్లు కొన్నాడు. 2025 సెప్టెంబరులో ప్రారంభించారని టీవీలో చూసి ఆయనే కళ్ళముందు మెదిలాడు. ఈజిప్టు భయం ఈజిప్టుకి ఉంటుంది. కానీ ఆ బాండు కాగితాన్ని పటం కట్టించుకున్న మనిషితో తూకం వేసి మాట్లాడకూడదు.

అద్వా కథ మాత్రం తెలుసుకుని వెళ్ళు. ఇటలీతో చేసుకున్న 1889 ఒప్పందంలో, కావాలంటే ఇటలీ ద్వారా విదేశాలతో మాట్లాడవచ్చని అమ్హారిక్ ప్రతిలో ఉంది. ఇటాలియన్ ప్రతిలో అలాగే మాట్లాడి తీరాలని ఉంది. చక్రవర్తి మెనెలిక్ ఆ ఒప్పందాన్ని కొట్టిపారేశాడు, రాణి తైతు ఆయన వెంటే నిలబడింది. 1896 మార్చి 1న ఇటలీ సైన్యాన్ని ఓడించారు. అన్ని జాతుల వాళ్ళూ నడిచొచ్చి గెలిచిన ఆ అద్వా ఉన్నది తిగ్రాయ్‌లోనే. ఆ పిల్లని నేను అడిగిన ఊరు.

మీ పెద్దనాన్న పక్కన కూర్చుని, హైదరాబాద్ ఏసీ గార్డ్స్ సంగతి రాయమంటున్నారు. అక్కడ 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' ఉండేవారని, నిజాం కొలువులో హబ్షీలు ఉండేవారని నీ స్టూడెంట్స్‌కి చెప్పు. హబ్షీ అన్నది వాళ్ళ 'హబెషా' మాటే. మా పిల్లలకి చెప్తే క్లాసంతా కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు.

ఆ అమ్మాయిని వెతకమని నిన్ను అడగాలనుంది. అడగను. మెకెలేలో ఒక మనిషి కోసం వాకబు చేయాలంటే మళ్ళీ ఆ ప్రశ్నే అడుగుతూ తిరగాలి, అది నువ్వు చేయకూడదు. కానీ మంచి స్నేహితురాలు దొరికితే నంబరుతో సరిపెట్టుకోకు. వాళ్ళమ్మ పేరు, ఊరు, ఊళ్ళో చర్చి పేరో మసీదు పేరో కాగితం మీద రాసుకో. నేను రాసుకోలేదు.

రెండు సినీలు నీ సామాన్లో పెట్టమని మీ అమ్మకి పంపుతున్నాను, బట్టల మధ్య చుట్టు. గోంగూర పచ్చడి రెండు కిలోలకి మించి పెట్టనివ్వకు. ఎవరి ఇంట్లో కాఫీకి కూర్చున్నా బరకా దాకా కూర్చో. దిగగానే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా పర్వాలేదు, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ