గర్భమని ఏడో వారంలో తెలిసింది, ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు మొదలుపెట్టినా ఉపయోగం ఉంటుందా?

ఏడో వారం వచ్చేదాకా ఒక్క మాత్ర కూడా వేసుకోలేదని మీరు రాసింది చదివితే నా మొదటి కాన్పే గుర్తొచ్చింది. నాకూ ఆరు వారాలు దాటాకే తెలిసింది.

ఈ రోజే మొదలుపెట్టండి. మామూలుగా చెప్పే మోతాదు రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం 12 వారాలు నిండేదాకా.

దాచకుండా చెప్పాలంటే, గర్భం రావడానికి నెల ముందు నుంచే వేసుకోమనడానికి కారణం ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ తోడ్పడుతుంది, ఆ నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందని మనం లెక్కలు వేసుకునే సమయం అది. ఆ విషయంలో మీకూ నాకూ ఆలస్యమైనట్టే. అంతమాత్రాన బిడ్డకు లోపం ఉందని కాదు. మాత్రలు వేసుకోని తల్లుల్లోనూ చాలామందికి ఆరోగ్యంగానే పుడతారు. పైగా రక్తం పట్టడానికి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రతో అందే విటమిన్) ఇకముందూ కావాలి. నేను మాత్రం ఇరవయ్యో వారం స్కాన్ దాకా టెన్షన్‌తోనే గడిపాను. తెర మీద వెన్ను సన్నగా జడ అల్లినట్టు కనిపించాక గానీ ఊపిరి ఆడలేదు.

ఇంకో సంగతి. మందుల షాపులో నాకిచ్చింది 5 మిల్లీగ్రాముల మాత్ర. 400 కన్నా 5 తక్కువే కదా అనుకుని పది రోజులు మింగాను! నిజానికి అది 5,000 మైక్రోగ్రాములు, పన్నెండు రెట్లకు పైనే. అంత డోసు ఇంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకు డాక్టర్లు రాస్తారు. అవసరం లేకుండా వాడితే విటమిన్ బి12 లోపం ఉన్నా రక్తపరీక్షలో బయటపడకపోవచ్చు. బి12 ఎక్కువగా మాంసం, గుడ్లు, పాలలోనే ఉంటుంది కాబట్టి అవి ముట్టనివాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వికారం వస్తుందేమోనని అడిగారు. నేనూ మొదట దీన్నే తిట్టుకున్నాను, తీరా చూస్తే నాది ఐరన్ కలిపిన మాత్ర. డాక్టరు విడి ఫోలిక్ యాసిడ్ రాశాక, రాత్రి పడుకునే ముందు వేసుకుంటే ఏ ఇబ్బందీ రాలేదు. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి, ఒక్కటి చాలు.

మీ స్ట్రిప్ వెనక ఎంత రాసి ఉందో ఒకసారి చూసుకుని, అపాయింట్‌మెంట్‌కి దాన్నే పట్టుకెళ్లండి. మూర్ఛకో షుగర్‌కో మందులు వాడుతుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.