కరణుల (√ గుర్తున్న) సమీకరణానికి రెండు జవాబులొస్తే ఒకటి ఎందుకు కొట్టేస్తారు?

స్టెప్పులన్నీ సరిగ్గా చేసినా మీ అబ్బాయి జవాబుల్లో ఒకటి కొట్టేశారని బాధపడుతూ అడిగారు. సరిగ్గా ఇదే నాకూ జరిగింది.

మాది రాజాం. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం. పదో తరగతిలో మా లెక్కల మాస్టారు బోర్డు మీద √(ఎక్స్ + 7) = ఎక్స్ − 5 రాసి నన్ను లేపారు. ఇరువైపులా వర్గం చేశాను. ఎక్స్² − 11ఎక్స్ + 18 = 0 వచ్చింది. 9, 2 అని రాసి సుద్దముక్క పెట్టేశాను.

"ఎక్స్ చోట 2 పెట్టి చూడు" అన్నారు. ఎడమ పక్క √9, కుడి పక్క −3.

"√9 అంటే ప్లస్ 3, మైనస్ 3 రెండూ కదండీ, సరిపోయింది" అన్నాను గట్టిగా.

మా నాన్న వడ్రంగి అని ఆయనకు తెలుసు. "తొమ్మిది చదరపు అడుగుల చదరం పలక ఉందిరా. దాని అంచు మీ నాన్న టేపుతో కొలువు. మైనస్ మూడు అడుగులు ఆ టేపులో ఎక్కడుందో రేపు తెచ్చి చూపించు." క్లాసులో ఎవరూ నవ్వలేదు. అందరూ నాలాగే అనుకుంటున్నారు మరి.

ఎక్స్² = 9 అయితే జవాబులు రెండు. √9 అని రాస్తే మాత్రం 3 ఒక్కటే. వర్గం చేయగానే 3, −3 రెండూ 9 అయిపోతాయి, ఏది ఎటునుంచి వచ్చిందో ఇక తెలీదు. నా 2 నిజానికి −√(ఎక్స్ + 7) = ఎక్స్ − 5 అనే వేరే లెక్కకు జవాబు. వర్గం చేసినప్పుడు అది కూడా లోపలికి దూరింది. అందుకే జవాబును వెనక్కి పెట్టి చూడటం లెక్కలో సగం పని. గైడ్లు ఆ సగాన్నే ఎగ్గొడతాయి! "సరిచూడటం" అని ఒక లైను రాసి పక్క లెక్కకు పోతాయి. బిట్ పేపర్ల కోసం బట్టీ పట్టే పిల్లలకు ఇక ఆ అలవాటు ఎలా వస్తుంది?

ఆ సాయంత్రం నాన్న ద్వారబంధం బిగిస్తున్నారు. మూల దగ్గర అటు అడుగు, ఇటు అడుగు పెన్సిల్‌తో గీటు పెట్టి, గీటు నుంచి గీటుకు అడ్డంగా టేపు లాగారు. "పదిహేడంగుళాలు రావాలి, లేకపోతే మూల తప్పినట్టే" అన్నారు. కూర్చుని లెక్క కట్టాను: 12√2 అంటే 16.97. నాన్న ఏడో తరగతితో ఆపేశారు, √2 అనే మాటే వినలేదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత సంస్కృత గ్రంథాలు శుల్బసూత్రాల్లో చదరం కర్ణానికి ద్వికరణి అని పేరు, దాని మీద గీసిన చదరం రెట్టింపు అవుతుంది కాబట్టి. మన "కరణి" ఆ మాటే. ఇంగ్లీషు మీడియం పిల్లలు సర్డ్ అని బట్టీ పడుతుంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

మీ అబ్బాయికి √(ఎక్స్ + 5) = −3 ఇవ్వండి. వర్గం చేస్తే 4 వస్తుంది. ఆ 4ని వెనక్కి పెట్టమనండి. మీరు మాత్రం ఏమీ చెప్పకండి.