డైవింగ్ ఫోటోలు నీలంగా వస్తుంటే ఎర్ర ఫిల్టర్ కొనాలా, రంగు అద్దం మాస్క్ కొనాలా?

యాక్షన్ కెమెరాతో తీసిన ఫోటోలన్నీ నీలంగా వస్తున్నాయి, ఎర్ర ఫిల్టర్, రంగు అద్దం ఉన్న మాస్క్ రెండూ కొనాలా అని అడిగారు. రెండూ వాడినవాడిగా నా సలహా: ఫిల్టర్ కొనండి. ఫోటోలు తీసే డైవ్‌లలో మాస్క్ మాత్రం మామూలు అద్దానిదే పెట్టుకోండి.

నీళ్లు అన్నిటికంటే ముందు ఎరుపు వెలుగును మింగేస్తాయి. 5 మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, ఇంకా దిగితే నారింజ, ఆ తర్వాత పసుపు తగ్గుతాయి. ఒకసారి 18 మీటర్ల లోతున తుప్పు పట్టిన ఇనుప అంచు గీసుకుని నా వేలు తెగింది. కారిన రక్తం ఆకుపచ్చగా కనిపించింది! చదివి తెలుసుకున్న విషయమే అయినా కళ్లతో చూశాక గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

చాలామంది లోతును లెక్కేస్తారు గానీ దూరాన్ని మర్చిపోతారు. వెలుగు పైనుంచి చేప దాకా దిగాలి, అక్కణ్ణుంచి మళ్లీ మీ కెమెరా దాకా రావాలి. 8 మీటర్ల లోతులో, 3 మీటర్ల దూరం నుంచి ఫోటో తీస్తే ఆ వెలుగు 11 మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టు. అందుకే ఏ ఫిల్టర్ కొన్నా ముందు దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకోండి.

లేని ఎరుపును ఫిల్టర్ తెచ్చిపెట్టదు. నీలం, ఆకుపచ్చ వెలుగును కొంత ఆపుతుంది, దాంతో మిగిలిన కాస్త ఎరుపు పైకి తేలుతుంది. అంటే ఒకటి, రెండు స్టాపుల వెలుగు పోతుంది (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది). నాకు ఇది బాగా పనిచేసింది 5 నుంచి 15 మీటర్ల మధ్య, ఎండ బాగా ఉన్నప్పుడు, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీసినప్పుడు. రెండు మూడు మీటర్లలోనే ఉంటే అంతా ఎర్రబారుతుంది. 20 దాటాక కాపాడటానికి ఎరుపే మిగలదు, ఫోటో చీకటి అవుతుందంతే. నీళ్లు నీలంగా కాకుండా పచ్చగా ఉండే చోట మెజెంటా (గులాబీ ఊదా రంగు) ఫిల్టర్ కావాలి.

మీ కెమెరాలో మాన్యువల్ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను మనమే సరిచేసుకునే సెట్టింగ్) ఉంటే ఫిల్టర్ పెట్టాక, ఆ లోతులోనే తెల్ల స్లేటును చూపించి సెట్ చేయండి. మూడు నాలుగు మీటర్లు పైకో కిందికో వెళ్తే మళ్లీ చేయాలి. విసుగ్గా ఉంటుంది, కానీ ఫిల్టర్ కంటే ఎక్కువ తేడా దీనివల్లే వస్తుంది. టార్చ్ గానీ ఫ్లాష్ గానీ వేస్తే ఫిల్టర్ తీసేయాలి. ఆ వెలుగులో ఎరుపు ఉంటుంది కాబట్టి దగ్గరి వస్తువులు ఎర్రగా మండిపోయినట్టు వస్తాయి. అందుకే హౌసింగ్ (కెమెరాకు నీళ్లు తగలకుండా ఉంచే పెట్టె) బయట తగిలించి, నీళ్లలోనే తీసుకోగలిగే రకం కొని, తాడు కట్టుకోండి. దిగగానే ఒకసారి ఫిల్టర్ ఎత్తి లోపల చిక్కిన గాలి బుడగలు తుడవండి, లేకపోతే ఫోటోల్లో మచ్చలొస్తాయి.

ఇక మాస్క్. మొదటిసారి పెట్టుకున్నప్పుడు నిజంగా ముచ్చటేసింది, పగడాలు వెచ్చని రంగుల్లో కనిపించాయి. చిక్కు కెమెరా స్క్రీన్ దగ్గర వచ్చింది. స్క్రీన్‌ను కూడా అదే రంగు అద్దంలోంచి చూస్తున్నాను కదా, రంగులు సరిపోయాయనుకుని వైట్ బ్యాలెన్స్‌ను అక్కడే ఆపేశాను. పైకొచ్చి చూస్తే ఫోటోలన్నీ నీలి పచ్చ. రా (తర్వాత రంగులు బాగా సరిదిద్దుకునేలా కెమెరా పట్టిన వివరాలన్నీ ఉంచే) ఫార్మాట్‌లో కూడా తీయలేదు, జేపెగ్‌లో సరిదిద్దే వీలు పెద్దగా ఉండదు, ఆ రోజు ఫోటోలు పోయినట్టే. ఇప్పటికీ బాధగానే ఉంది.

పైగా రంగు అద్దం వెలుగును కూడా తగ్గిస్తుంది. మసక నీళ్లలో, సాయంత్రం డైవ్‌లో అది ఇబ్బంది, రాత్రి డైవ్‌కైతే అసలు వద్దు. అద్దంలా మెరిసే కోటింగ్ ఉంటే మీ బడ్డీకి (జతగా దిగే డైవర్‌కి) మీ కళ్లు కనపడవు. టెన్షన్ పడుతున్నవాళ్లను ముందు పట్టించేది కళ్లే, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కెమెరా లేకుండా, ఎండలో, తేట నీళ్లలో చూడటానికే దిగేవాళ్లకైతే అలాంటి మాస్క్ మంచి అనుభవమే.

మాస్క్ మీద డబ్బు పెట్టాలనుకుంటే అది ముఖానికి సరిగ్గా కూర్చోవడం మీద పెట్టండి. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి, చెయ్యి వదిలినా మాస్క్ జారకపోతే అది మీకు సరిపోయినట్టు.